వార్షిక నివేదిక: ఎల్ అలమీన్ యుద్ధ సమాధుల సందర్శన

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారములు. ఉగాది, దసరా వేడుకల విశేషాలు సభ్యులందరికీ తెలిసినవే గనుక, ఈ నివేదికను కార్యవర్గం ప్రధానంగా అక్టోబరులో జరిపిన, ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధ సమాధుల సందర్శనకే కేటాయించింది.

అలెగ్జాండ్రియాకు పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, ఎడారిలో ఉన్న ఆ శ్మశానవాటికలో రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన 7,240 మంది కామన్వెల్త్ సైనికుల సమాధులున్నాయి. వారిలో ఎనిమిది వందల మందికి పైగా పేరు తెలియనివారు. పచ్చిక లేదు, ఇసుక నేలలో వరుసలు తీరిన తెల్లని ఫలకాలే. 1942 అక్టోబరు 23న ఇక్కడ మొదలైన పోరులో మన నాలుగవ భారతీయ డివిజన్ పాల్గొన్నది. ఆ డివిజన్‌లోని మద్రాస్ శాపర్ల (సైనిక ఇంజనీర్ల) దళం తెలుగువారు కూడా చేరే దళమే కావడం వల్ల, ఈ స్థలంతో మనకున్న సంబంధం కేవలం దేశభక్తికి సంబంధించినది కాదని కార్యవర్గం భావిస్తున్నది.

మనవారి పేర్లు ఎక్కడా కనిపించలేదని గతంలో వెళ్లివచ్చిన కొందరు సభ్యులు బాధపడ్డారు. వారు సమాధుల వరుసలలోనే వెతకడమే ఇందుకు కారణం. ఈజిప్టు, లిబియాలలో తమ మతాచారం ప్రకారం దహనమైన ఆరు వందల మందికి పైగా సైనికుల పేర్లు అదే ఆవరణలో ఆగ్నేయ దిక్కున ఉన్న దహన స్మారకంపై చెక్కబడ్డాయి. అందుచేత ఈసారి పుష్పాంజలి అక్కడే ఘటించి, పిల్లల చేత కొన్ని పేర్లు పైకి చదివించాము. పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొడదామన్న సూచన సదుద్దేశంతో వచ్చినదే అయినా, రాతిపై మరకలు నిలిచిపోతాయన్న కారణంగా పూలతోనే సరిపెట్టాము. ఇది కొందరు పెద్దలకు నచ్చలేదు. అయినా నిర్ణయం సరైనదేనని కార్యవర్గం అభిప్రాయం.

అసలు సమాధే దొరకని ఎనిమిదిన్నర వేల మందికి పైగా భూసైనికుల పేర్లు, మూడు వేల మందికి పైగా వైమానికుల పేర్లు ప్రవేశ మండపపు గోడలపై ఉన్నాయి. ఆ పోరులో బ్రిటిష్ సేనను నడిపిన మాంట్‌గొమరీ 1954లో ఆవిష్కరించిన ఆ మండపానికి తగినంత సమయం కేటాయించలేకపోయాము.

బస్సు అద్దె, భోజనాల ఖర్చు పాల్గొన్నవారే భరించినందున సంఘ నిధిపై భారం పడలేదు. తమ కుటుంబాలలో ఆ యుద్ధానికి వెళ్లి తిరిగిరానివారెవరైనా ఉంటే, వారి పేరు, దళం, వీలైతే సైనిక సంఖ్య కార్యదర్శికి తెలియజేయవలసిందిగా మనవి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఉచితంగా వెతికే వీలున్నది గనుక, వచ్చే అక్టోబరులోగా ఆ పని పూర్తిచేయదలచాము.