జమా ఖర్చుల వివరణ: బడిలో నెట్ లేకుండా నడిచే చదువుల వెబ్‌సైట్లు

దాతలకు, గ్రామస్తులకు నమస్కారం. మన ఊరి హైస్కూల్లో సైన్సు పాఠాల కోసం పూర్వ విద్యార్థుల కమిటీ వసూలు చేసిన సొమ్ము లెక్క ఇది.

జమ: పూర్వ విద్యార్థుల చందాలు రూ. 46,500, గ్రామస్తులు, దుకాణదారులు ఇచ్చింది రూ. 12,350, పాత పేపర్లు అమ్మగా వచ్చింది రూ. 1,480. మొత్తం రూ. 60,330.

ఖర్చులో సింహభాగం ట్యాబులదే: ఐదింటికి రూ. 36,000, వాటి కవర్లకు, స్క్రీన్ గార్డులకు రూ. 1,750. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, డబ్బా, ఛార్జరుతో కలిపి రూ. 6,800. 128 జీబీ మెమరీ కార్డు రూ. 1,100. ట్యాబులను ఆ కంప్యూటర్‌కు కలిపే రౌటర్ రూ. 1,450. చిన్న యూపీఎస్ రూ. 1,850. వైరింగ్, ప్లగ్గులు రూ. 2,150. ప్రింట్లు రూ. 640. బ్యాటరీలు, బల్బులు, హోల్డర్లు, తీగలు రూ. 780. ఒక ట్యాబు ఛార్జింగ్ పిన్ను బాగుచేయించడానికి రూ. 600. మొత్తం రూ. 53,120.

నెలనెలా నెట్ రీఛార్జికి ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. పిల్లవాడికి ప్రశ్న పుట్టిన క్షణంలోనే పేజీ తెరుచుకోవాలి. సిగ్నల్ కోసం కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది. అందుకే నెట్ లేకుండా పాఠాలు చూపే కొలిబ్రి, నెట్ లేకుండా వెబ్‌సైట్లు చదివించే కివిక్స్‌లో తెలుగు వికీపీడియా, కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసే ప్రయోగాలు) ముందే దించి ఆ చిన్న కంప్యూటర్లో పెట్టాం. మూడూ ఉచితమే. ఫెట్‌లో పాత జావా రకం ట్యాబుల్లో తెరుచుకోవు కాబట్టి బ్రౌజర్లోనే తెరుచుకునే హెచ్‌టీఎంఎల్5 రకమే తీసుకున్నాం. సిమ్యులేషన్ ఒకసారి లోడైతే ట్యాబులోనే నడుస్తుంది. ఐదు ట్యాబుల్లో ఒకేసారి వీడియో పెడితే మాత్రం ఆగి ఆగి వస్తుంది.

యూపీఎస్ దుబారా కాదు. కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోయి, మొత్తం మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది. ఆ చిన్న కంప్యూటర్‌కు మామూలు ఫోన్ ఛార్జర్ కూడా పెట్టకూడదు. 5 వోల్టులు, 3 ఆంపియర్లది కావాలి.

బల్బులకు పెట్టిన రూ. 780 మా దృష్టిలో అన్నిటికంటే విలువైన ఖర్చు. పద్ధతి ఇది: ట్యాబు తెరవకముందే ప్రశ్న ఇవ్వాలి. 'సమాంతర సంధానంలో ఉన్న రెండు బల్బుల్లో ఒకటి తీసేస్తే రెండోది ఏమవుతుంది?' ప్రతి జట్టూ తన ఊహను, కారణాన్ని నోటుబుక్కులో రాశాకే ఫెట్‌లో సర్క్యూట్ కట్టాలి. అక్కడ రెండో బల్బు వెలుగు మారదు. తర్వాత అరిగిన బ్యాటరీతో నిజంగా కడితే, ఒకటి తీయగానే రెండోది కాస్త ప్రకాశవంతమవుతుంది. ఎందుకని పిల్లలే అడుగుతారు. అప్పుడు సిమ్యులేషన్లో బ్యాటరీ అంతర్నిరోధం (బ్యాటరీ లోపలే కరెంటుకు ఉండే అడ్డు) మీటను జరిపించాలి. అదే మార్పు తెర మీదా కనిపిస్తుంది. జవాబు ముందే చెప్పేస్తే ట్యాబు బొమ్మల పుస్తకమైపోతుంది. టీచర్లకు మా మనవి ఇదొక్కటే.

నికర నిల్వ రూ. 7,210. ఇందులో రూ. 1,100 అదనపు మెమరీ కార్డుకు, మిగతాది రిపేర్లకు, బ్యాటరీలకు కేటాయిస్తూ తీర్మానించాం. బిల్లులు, రశీదు పుస్తకాలు హెడ్‌మాస్టర్ గారి గదిలో ఉన్నాయి. పనిదినాల్లో ఎవరైనా చూడవచ్చు.

— కమిటీ సభ్యులు