మంత్రి గారూ, రైతుల దరఖాస్తులతోనే భూభారతిని పరీక్షించండి

గౌరవనీయులైన తెలంగాణ రెవెన్యూ మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి బతికేవాణ్ణి. ధరణి స్థానంలో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ భూభారతి గురించి ఒక విన్నపం.

2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. ఏ తగాదా లేని పట్టాకు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే పూటలో అయిపోయేవి. ఆ మెప్పు దానికి దక్కాల్సిందే. చిక్కంతా చిక్కుముళ్లున్న భూములతోనే వచ్చింది. సర్వే నంబర్‌లో కొంత భాగం కాలువకు పోతే, మొత్తం నంబరే రిజిస్ట్రేషన్లు ఆపే నిషేధిత జాబితాకెక్కిన ఊళ్లున్నాయి. పాసుబుక్‌లో పేరు తప్పు పడితే తహసీల్దారు దిద్దలేకపోయేవాడు. తప్పులు దిద్దమని అడిగే టీఎం-33 దరఖాస్తు పెట్టుకుని కలెక్టరేట్ చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఇబ్బంది బయటపడ్డప్పుడల్లా పోర్టల్‌కు ఒక మాడ్యూల్ (ఒక్కో పనికి విడి దరఖాస్తు విభాగం) అతికించి 33 దాకా తీసుకొచ్చారు. ఇవి రైతు నెత్తిన పడకముందే పరీక్షల్లో దొరకాల్సినవి.

మీరు 2025 ఏప్రిల్ 14న భూభారతి తెచ్చి, ముందు మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలాల్లో చూశారు. మంచి పద్ధతి. కానీ రెండు నెలలు తిరక్కుండానే రాష్ట్రమంతటికీ వెళ్లారు. ఆ నాలుగు మండలాల్లో ఏమేం తేడా కొట్టాయో, ఏవి సరిచేశాక ముందుకెళ్లారో జనం ముందు పెట్టండి.

అసలు విన్నపం ఇదీ. భూ సమస్యల మీద ఊళ్లల్లో పెట్టిన రెవెన్యూ సదస్సుల్లో లక్షల దరఖాస్తులొచ్చాయి. శాఖకవి పరిష్కరించాల్సిన అర్జీలు. నా కంటికి మాత్రం ఏ కంపెనీ రాయలేని టెస్ట్ కేసులు, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే నమూనాలు. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు), వీలునామా లేని వారసత్వం, పెళ్లై వెళ్లిన ఆడబిడ్డ వాటా, విస్తీర్ణంలో తేడా... రకానికి కొన్ని చొప్పున, పేర్లు తీసేసి, విడిగా పెట్టండి. పోర్టల్‌లో ఏ మార్పు చేసినా ముందు వాటన్నిటినీ నడిపించి చూడాలి. ఒకచోట దిద్దితే ఇంకోచోట చెడటం మా పనిలో రోజూ చూసేదే.

ఆ పరీక్ష తయారుచేసినవాళ్లే చేయకూడదు. కేంద్ర ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ నాణ్యతను పరీక్షించే ఎస్‌టీక్యూసీ అనే సంస్థ ఉంది, హైదరాబాద్‌లోనూ దాని కేంద్రముంది. కాకపోతే వాళ్లకు పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎంతో రాసే ఊరి రికార్డు) చదవడం రాదు. పక్కన గ్రామ పాలన అధికారులనూ, మీసేవ ఆపరేటర్లనూ కూర్చోబెట్టండి. (సెక్యూరిటీ ఆడిట్ పాసైందని చూపించి సరిపెట్టొద్దు. సర్వర్ భద్రంగా ఉన్నంత మాత్రాన విస్తీర్ణం సరైందని కాదు.)

డేటా సంగతి మరీ ముఖ్యం. తెర మారినా అందులోకి వచ్చింది ధరణి రికార్డే. ప్రతి గ్రామంలో కొన్ని సర్వే నంబర్లు తీసి పాత పహాణీతో, ఇంకా పాతదైన ఖాస్రా రికార్డుతో పోల్చి, ఎన్ని కలిశాయో ఎన్ని కలవలేదో పంచాయతీ గోడ మీద అంటించండి. దీనికి కొత్త టెండర్ అక్కర్లేదు. వచ్చే అప్‌డేట్‌కు ముందే ఒక మండలంలో మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక టెస్టర్, హైదరాబాద్