చిన్నాకి, ఆ రోజు సినిమా హాల్లో సంగతి

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నాకి నాన్న ఆశీస్సులు.

బరంపురం చేరి హాస్టల్లో సర్దుకున్నావని అమ్మ చెప్పింది. దసరా సెలవుల్లో పాతపట్నం వెళ్ళి సినిమా చూశాం కదా, ఆ రోజు సంగతి ఒకటి నా మనసులో అలాగే ఉండిపోయింది. అన్నదమ్ములిద్దరూ స్టేషన్లో కలుసుకునే సీన్ దగ్గర నువ్వు తల దించుకుని చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నావు. లైట్లు వెయ్యగానే మీ బావ చూసి, "ఏరా, ఆడపిల్లలా ఏడుస్తున్నావేంటి?" అన్నాడు. నువ్వు కంట్లో నలుసు పడిందన్నావు. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. నేను పక్కనే ఉండి కూడా వాణ్ణి ఏమీ అనలేదు. అది నా తప్పు. అప్పుడు అనాల్సినది ఇప్పుడు రాస్తున్నాను.

మీ నాన్నమ్మ పోయినప్పుడు నా కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. నీకప్పుడు నాలుగేళ్ళు. కట్టెలు, పురోహితుడు, చుట్టాలకి భోజనాలు, పన్నెండు రోజులూ పరుగే. "ఏం కొడుకురా, గుండె రాయి" అని ఎవరో అనడం నా చెవిన పడింది. ఆరు నెలలు పోయాక ఒక రాత్రి టీవీలో ఏదో ఒడియా సినిమా వస్తోంది. అందులో ఒక ముసలమ్మ అన్నం కంచం మీద ఇంకో కంచం బోర్లించి, కొడుకు కోసం గుమ్మంలో కూర్చుంది. అంతే, మాటలు కూడా లేవు. నాకు వెక్కిళ్ళు వచ్చేశాయి. అమ్మ వంటింట్లోంచి కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

నౌపడ నుంచి గుణుపూర్ వెళ్ళే చిన్న రైలు ఉండేది. 1900లో పర్లాకిమిడి దాకా మొదలై, 1931కి గుణుపూర్ చేరి, 2004లో ఆగిపోయింది. పెద్ద పట్టాలు ఆ తర్వాత వేశారు. ఆ చిన్న రైల్లో నేను పని చూసుకుని రాత్రిపూట వచ్చేవాణ్ణి. ఎంత ఆలస్యమైనా మీ నాన్నమ్మ సరిగ్గా అలాగే గుమ్మంలో ఉండేది. పైకంచం ఎత్తితే దాని లోపలివైపు ఆవిరి నీటి చుక్కలై ఉండేది. వాటిని చీర చెంగుతో తుడిచి, ఆ కంచంలోనే నాకు పప్పు వేసేది. ఆ రాత్రి టీవీ ముందు నాకు కనిపించింది ఆ కంచమే.

ఇలా ఎందుకవుతుందో తెలుసుకోవాలని తర్వాత దొరికినంత చదివాను. కన్నీళ్ళు మూడు రకాలట. కన్ను ఎండకుండా ఎప్పుడూ తడిపేవి, ఉల్లిపాయకో పొగకో వచ్చేవి, మనసు కదిలితే వచ్చేవి. మనసు కదిలినప్పుడు మెదడు నుంచి నరాల ద్వారా కంటి పైనున్న గ్రంథికి కబురు వెళ్తుంది. ఆ నీళ్ళు కొన్ని ముక్కులోకి దిగుతాయి, ముక్కు కారేది అందుకే. ఎక్కువ గాలి పీల్చడానికి గొంతు తెరుచుకుంటుంది, మింగాలంటే మూసుకోవాలి. ఆ పెనుగులాటే మనకి ముద్ద అడ్డుపడ్డట్టు అనిపిస్తుంది. ఇందులో ఏదీ మనం అనుకుని చేసేది కాదు చిన్నా. నలుసని అబద్ధం చెప్పేంత తప్పు నువ్వేం చేశావు?

నిజంగా కష్టం వచ్చినప్పుడు చెయ్యాల్సిన పనులు, చూసే జనం, రేపటి టెన్షన్ ఉంటాయి. సినిమాలో అవేవీ ఉండవు. చీకట్లో కదలకుండా కూర్చుంటాం. అమ్మో బిడ్డో తప్ప ఎవరూ చూడనంత దగ్గరగా ఒక మనిషి ముఖం చూస్తాం, వెనక సంగీతం. అన్నాళ్ళూ పక్కకి నెట్టింది అప్పుడు పైకి వస్తుంది. చావు సీన్‌కి రాని ఏడుపు, విడిపోయినవాళ్ళు కలిసే సీన్‌కి రావడం నేను చాలామందిలో చూశాను. కలిశాకే కదా, ఎంతకాలం దూరంగా ఉన్నారో తెలిసొచ్చేది.

2015లో ఒక పరిశోధన వచ్చింది. నెదర్లాండ్స్‌లో 60 మందికి ఏడిపించే సినిమాలు చూపించారు. ఏడ్చినవాళ్ళకి సినిమా అవగానే మనసు ఇంకా భారమైంది. ఇరవై నిమిషాలకి మామూలైంది. గంటన్నర గడిచేసరికి సినిమాకి ముందుకన్నా తేలికపడింది. నాకూ అంతే, ఆ రాత్రి ఆరు నెలల తర్వాత మొదటిసారి నిండుగా నిద్రపోయాను.

మీ బావ అన్న మాట గురించి కూడా చెప్తాను. చిన్నతనంలో మగపిల్లలూ ఆడపిల్లలూ ఇంచుమించు ఒకేలా ఏడుస్తారు. పదకొండు, పన్నెండేళ్ళు దాటాకే తేడా ఎక్కువవుతుంది. ఒంట్లో మార్పులు కొంత, "మగాడివి" అని మనం నూరిపోసేది కొంత. నా చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం వేస్తే, కాటి సీన్‌కి మీ తాత, ఆయన పక్కన నాగలి పట్టే మనుషులు, అందరూ కండువాలతో కళ్ళు ఒత్తుకునేవారు. ఒకరిని చూసి ఒకరు నవ్వడం నేను ఎరగను. నాట్యశాస్త్రంలో భరతముని గగుర్పాటు, వణుకు లాంటి ఎనిమిది సాత్త్విక భావాల్లో కన్నీటికీ చోటిచ్చాడు. మీ అమ్మ మాత్రం ఏ సినిమాకీ ఏడవదు. కానీ పక్కింటి పాపకి జ్వరమంటే రాత్రంతా మేలుకునే ఉంటుంది. ఎవరి మనసు ఎక్కడ తడుస్తుందో వాళ్ళకే తెలుస్తుంది.

ఆ స్టేషన్ సీన్లో నీకు ఎవరు కనిపించారో నేను అడగను. అన్నయ్య సూరత్ మిల్లులోకి వెళ్ళి వచ్చే నెలకి రెండేళ్ళు. వాణ్ణి రైలెక్కించిన రోజు నువ్వు ప్లాట్‌ఫాం చివరిదాకా పరిగెత్తావు, నాకు గుర్తుంది. ఆదివారం వాడికి సెలవు, పొద్దున తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి. మొన్న మాట్లాడినప్పుడు రెండుసార్లు నీ గురించి అడిగాడు.

నీ నాన్న