నాన్నగారికి ఉత్తరం

నాన్నగారికి,

మొన్న ఫోన్లో మీరు "పాఠం చెప్పవు, పరీక్షలు పెట్టవు, మరి యూనివర్సిటీలో నువ్వు చేసేదేమిటమ్మా?" అని అడిగితే, మీటింగ్‌కి టైమైపోయి సగంలోనే పెట్టేశాను. ఆ మాట అప్పటినుంచీ మనసులోనే ఉంది. తీరిగ్గా రాస్తున్నాను.

మా శాఖను స్టూడెంట్ సక్సెస్ అంటారు. చేరిన పిల్లలు మధ్యలో ఆగిపోకుండా డిగ్రీ పట్టా అందుకునేదాకా చూసుకోవడం మా పని. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీకి ఆరేళ్ల గడువిచ్చి లెక్క తీస్తారు. అయినా దేశం మొత్తం మీద పదిమందిలో నలుగురికి దగ్గరగా మొదట చేరిన చోట పూర్తిచేయరు. తెలివి లేక ఆగిపోతారని నేనూ మొదట్లో అనుకున్నాను.

పిల్లలకు కోర్సుల విషయంలో సలహాలిచ్చే అడ్వైజర్‌గా చేరిన మొదటి ఏడాది సంగతి చెబుతాను. కోర్సుల్లో చేరడానికి ఆఖరి రోజు సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. రెండో ఏడాది, మంచి మార్కులు. స్క్రీన్ మీద ఆమె పేరు పక్కన ఎర్ర గుర్తు: పాత బాకీ 400 డాలర్ల చిల్లర ఉంది, అది కడితేగానీ రిజిస్ట్రేషన్ కుదరదు. నేను ఫీజుల ఆఫీసు గది నంబరు ఒక చీటీ మీద రాసిచ్చాను. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, థాంక్యూ చెప్పి వెళ్లింది. ఆ ఆఫీసు అప్పటికే మూసేసి ఉంటుందని నాకు తట్టనేలేదు. ఆమె మళ్లీ చేరలేదు. ఆ రోజు నేను తప్పుగా చేసిన పనంటూ ఏదీ లేదు, అన్నీ రూల్ ప్రకారమే చేశాను. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అసిస్టెంట్ డైరెక్టర్ అయ్యాక ముందు అడిగింది ఒక జాబితా: పాసవుతూ కూడా తర్వాతి సెమిస్టర్‌కి చేరనివాళ్లు ఎవరెవరు, ఎంతెంత బాకీ ఉన్నారు? పేజీల కొద్దీ వచ్చింది. చాలావరకు చిన్న మొత్తాలే. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఇలాంటి పిల్లలకు 2011 నుంచే చిన్న గ్రాంట్లు ఇస్తోంది. దరఖాస్తు కూడా అడగకుండా, పేరు కొట్టేసేలోపే బాకీకి జమ వేస్తారు. ఆ పద్ధతి మా దగ్గరా పెట్టాలని ఫైనాన్స్ వాళ్లను జాలి పేరుతో అడిగాను, ఫలితం లేదు. మరుసటి ఏడాది లెక్క వేసుకుని వెళ్లాను. పిల్ల వెళ్లిపోతే మిగతా సెమిస్టర్ల ఫీజంతా పోతుంది, దాని ముందు ఈ బాకీ ఏపాటిది అని చూపించాను. ఒప్పుకున్నారు. నాకు లెక్కలు నేర్పింది మీరే కదా నాన్నా, ఆ రోజు మిమ్మల్ని బాగా తలుచుకున్నాను.

ఈ ఉద్యోగంలో పైకి రావడమంటే సగం ఇదే. నా కింద పనిచేసేవాళ్లు కొద్దిమంది, నా మాట వినాల్సినవాళ్లు చాలామంది, వాళ్లెవరూ నా చేతికింద ఉండరు. ఆల్జీబ్రాలో ఫెయిలయ్యేవాళ్లు, మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువైతే ఆ విభాగం హెడ్ దగ్గరికి చార్టు పట్టుకుని వెళ్తే గొడవే అవుతుంది. నేను వారం రోజులు వాళ్ల క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాక మాట్లాడాను. మొదటి పరీక్ష ఐదో వారంలో జరిగేది. అప్పటిదాకా ఎవరు వెనకబడ్డారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మూడో వారంలోనే చిన్న పరీక్ష పెడుతున్నారు. సాయంత్రం క్లాసులకు వెళ్లి చేసిన డాక్టరేట్ నాకు చాలా ఇచ్చింది గానీ, ఈ పని మాత్రం ఆ బెంచీ మీద నేర్చుకున్నాను.

మీరైతే మూడు రోజులు బడికి రాని పిల్లాడి గురించి వాళ్ల నాన్నకు కబురు పెట్టేవారు. ఇక్కడ ఆ వీలు లేదు. 1974 నాటి ఒక చట్టం ప్రకారం కాలేజీలో చేరాక మార్కుల మీద హక్కు పిల్లలదే, మామూలుగా వాళ్లు సంతకం పెడితేగానీ తల్లిదండ్రులకు చెప్పకూడదు. మొదట్లో నాకిది మింగుడుపడలేదు. ఇప్పుడు మంచిదే అనిపిస్తోంది. పిల్లలు నా దగ్గర నిజం చెబుతారు.

ఇప్పుడు డైరెక్టర్‌గా ఉన్న నన్ను పై మెట్టుకు, అసోసియేట్ వైస్ ప్రోవోస్ట్ పోస్టుకు, అప్లై చేయమంటున్నారు. ప్రోవోస్ట్ అంటే యూనివర్సిటీలో చదువుల వ్యవహారాలన్నీ చూసే పెద్ద అధికారి, ఇది ఆయన ఆఫీసులోని పోస్టు. జీతం గురించి కాదు నా టెన్షన్. పైకి వెళ్లేకొద్దీ పిల్లలు కనపడరు, పట్టికలే కనపడతాయి. అందుకే ఒక షరతు పెట్టాను: పదిమంది పిల్లలకు అడ్వైజర్‌గా నేనే ఉంటాను. ఒప్పుకుంటే అప్లై చేస్తాను. మీరేమంటారు?

వచ్చే మంగళవారం రిజిస్ట్రేషన్ ఆఖరి రోజు. ఫీజుల ఆఫీసు వాళ్లు ఈసారి రాత్రి ఎనిమిదింటిదాకా మా హాల్లోనే బల్ల వేసుకుని కూర్చుంటామన్నారు. ఆ రోజు నాకు ఫోన్ చేయకండి, బుధవారం నేనే చేస్తాను.

మీ అమ్మాయి