‘పెంపుడు జంతువులకు సురక్షితం’ అని మీరు అమ్మిన తూజా గురించి

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: మొక్కల వివరాల్లో తప్పుడు సమాచారం, నా మొదటి ఫిర్యాదుకు మీరిచ్చిన జవాబు.

అయ్యా,

గత నెల 9న మీ వెబ్‌సైట్‌లో 449 రూపాయలు పెట్టి తూజా అనే, పొలుసుల్లాంటి ఆకులుండే అలంకరణ మొక్క కొన్నాను. కొనే ముందు మీ ప్రతినిధికి ఫోను చేసి, ఇంట్లో నాలుగు నెలల కుక్కపిల్ల ఉంది, ఈ మొక్క పెట్టుకోవచ్చా అని అడిగాను. “కోనిఫర్ మొక్కలన్నీ సురక్షితమేనండీ” అన్నారు. కోనిఫర్లంటే పైన్ లాంటి, శంకువులు కాసే చెట్లు; తూజా వాటిలో ఒకటి. మొక్క ఫొటో కింద కూడా ‘పెంపుడు జంతువులకు సురక్షితం’ అనే ఉంది. నమ్మాను.

మా బుజ్జిగాడికి పళ్లు మారే వయసు. చెప్పులు, చీపురు, తలుపు అంచు, ఏది అందితే అది కొరుకుతాడు. మొక్క వచ్చిన మూడో రోజు పొద్దున లేచి చూస్తే కింది కొమ్మలు రెండు లేవు. బాల్కనీ నుంచి హాలు దాకా నాలుగు చోట్ల వాంతులు, వాటిలో అరగని పచ్చటి పొలుసులు. నోరు తెరిచి చూస్తే చిగుళ్ల సందున అవే పొలుసులు, టర్పెంటైన్ లాంటి ఘాటు వాసన. మధ్యాహ్నానికి విరేచనాలు మొదలయ్యాయి. పశువైద్యురాలు సెలైన్ ఎక్కించి ఆ రాత్రికి అక్కడే ఉంచుకున్నారు. తూజా ఆకుల నూనెలో తూజోన్ అనే విష పదార్థం ఉంటుందనీ, కొంచెం తింటే కడుపు పాడవుతుందనీ, ఎక్కువ తింటే మూర్ఛలు కూడా రావచ్చనీ ఆవిడ చెప్పారు. ఇప్పుడు వాడు కులాసాగానే ఉన్నాడు. మొక్కను పిట్టగోడ మీదికి ఎక్కించాను. దాని తప్పేమీ లేదు.

ఇంతటితో ఊరుకునేదాన్నే. కానీ నా ఫిర్యాదుకు మీరు, ‘మొక్క పూర్తిగా సహజమైనది, రసాయనాలు వాడలేదు, కాబట్టి హాని జరగదు’ అని జవాబిచ్చారు. గన్నేరు కూడా సహజమైనదే కదా! దాని కింద కూడా మీరు ‘పెంపుడు జంతువులకు సురక్షితం’ అనే ముక్క అతికించారు, వెళ్లి చూశాను.

పైగా 10 శాతం తగ్గింపు కూపన్ పంపి, దానితో సైకస్ కొనుక్కోమన్నారు. కుక్కలున్న ఇంటికి దానికంటే ప్రమాదకరమైన అలంకరణ మొక్క దొరకడం కష్టం. మీరు కోనిఫర్ల వరుసలో పెట్టారు గానీ అది కోనిఫర్ కాదు. సాగో పామ్ అని పిలిచినా తాటి జాతీ కాదు. దానిలోని సైకాసిన్ అనే విషం కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆకు, వేరు అన్నీ విషమే. గింజలైతే ఒకటి రెండు తిన్నా ప్రాణం పోవచ్చు. ఇక నిజమైన కోనిఫర్లలోనే యూ అనే చెట్టుంది, దాని ఆకులు తింటే గుండె ఆగిపోవచ్చు. కోనిఫర్లన్నిటికీ కలిపి ఒకే హామీ ఎలా ఇచ్చారు?

వైద్యానికైన 3,200 రూపాయలు, మొక్క ధర నాకు తిరిగి ఇవ్వండి. అంతకంటే ముందు, పరిశీలించకుండా అతికించిన ఆ వాక్యాన్ని అన్ని మొక్కల కిందా తీసేయండి. సైకస్ కొన్నవారికి ఈ వారంలోనే హెచ్చరిక పంపండి. వారి దగ్గర కుక్కలున్నాయో లేదో మీరు అడిగి ఉండరు.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, ఆపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. బిల్లులు, ఫొటోలు, మీ జవాబు జతచేశాను. కూపన్ కూడా.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
హైదరాబాద్