ఆ ‘నూ’ తీసేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపరనే కాదు, ఏ పేపరు చూసినా అరవై ఏళ్ల ఆడమనిషి ధర్నాలో కూర్చుంటే ఫొటో కింద ‘ఈ వయసులోనూ పోరాటం’ అని వేస్తారు. ఆ ‘నూ’ దగ్గరే నా అభ్యంతరం.

1991లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, రాత్రి బడిలో వాలంటీరుని. వచ్చేవాళ్లలో సగం మంది నాకంటే చాలా పెద్దవాళ్లు, పొలం నుంచి వచ్చి ఇంట్లో ఇంత వండిపెట్టి, లాంతరు ముందు కునుకుతూనే పలక మీద దిద్దేవాళ్లు. ఇప్పుడు వీళ్లకు చదువెందుకులే అని నేనూ మనసులో అనుకున్నదాన్నే. సారా పాఠం వచ్చిన రోజు మాత్రం ఒక్కరూ కునకలేదు. తర్వాతి సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించడం, 1992లో అది జిల్లా అంతా పాకి సారా కొట్ల వేలంపాటలే జరగనివ్వకపోవడం, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో ఎత్తేశారనుకోండి, అది వేరే కథ.

ఆ సారా ఉద్యమంలో ముందు నిలబడ్డ దూబగుంట రోశమ్మ గారికి అప్పటికే యాభై దాటాయి. అదేదో వింత కాదు, మా ఊళ్లోనూ ముందు నిలబడింది ఆ వయసు వాళ్లే. కొత్త కోడలు కొట్టు ముందు బైఠాయిస్తే ఇంటికెళ్లాక మొగుడు కొడతాడు, అత్త సాధిస్తుంది, ఊళ్లో ఏదో ఒక మాట పుట్టిస్తారు. మనవల్ని ఎత్తుకున్న మనిషిని ఏమని బెదిరిస్తారు?

నాకిది అర్థం కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. పోయినేడు మా వీధి మలుపులో బెల్టు షాపు పెట్టారు. ఎవరో ఒకరు అడుగుతారులే అని రెండు నెలలు చూశాను, ఎవరూ అడగలేదు. పదకొండు మందిమి కలిసి సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లాం. అర్జీ పట్టుకున్న చెయ్యి వణికింది, అబద్ధమెందుకు. ‘ఇది మా పరిధి కాదమ్మా’ అని ఇంకో ఆఫీసుకి పంపారు, వాళ్లు తిరిగి ఇక్కడికే పంపారు. నాలుగు సోమవారాలు తిరిగాక తెలిసిందేమిటంటే, రసీదు తీసుకోకపోతే మనం అసలు వెళ్లనట్టే లెక్క. ఇప్పుడు ప్రతి అర్జీకి రెండు జిరాక్సులు నా సంచిలో ఉంటాయి.

మా అబ్బాయి ఫోన్లో ‘బీపీ ఉంది కదమ్మా, నీకెందుకీ టెన్షన్’ అంటాడు. సీరియళ్లు చూస్తేనే ఎక్కువ పెరుగుతుందిరా అన్నాను. వీధిలో మొదట ‘లీడరమ్మ’ అని వెక్కిరించినవాళ్లే ఇప్పుడు రేషన్ కార్డు కాగితాలతో వస్తున్నారు. నాకు ఉపన్యాసాలు రావు. ఎవరింట్లో గేదె ఎన్నింటికి పాలిస్తుందో, ఎవరి కోడలు ఏ టైముకి బయటికి రాగలదో తెలుసు, దాన్నిబట్టి మీటింగు పదిన్నరకి పెడతాను. అది ఇరవై మూడేళ్లప్పుడు తెలిసేది కాదు.

షాపు మూశారు. మూసి వెనక సందులో తెరిచారు, అదీ సంగతి. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం. మీ విలేకరి వస్తే సంతోషం, ఫొటో కింద వయసు వేసినా పర్వాలేదు.

— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా