సిగ్నల్ లేని రోడ్డును మేం ఎలా దాటాలి? మా కార్పొరేటర్ అభ్యర్థి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్పొరేటర్ గారికి, మళ్లీ అభ్యర్థిగా మా గడప తొక్కబోతున్న మీకు నమస్కారాలు.

మీ మేనిఫెస్టోలో రవాణా గురించిన పేజీ మొత్తం చదివాను. సిగ్నళ్లు లేని కారిడార్ (బండ్లు ఎక్కడా ఆగకుండా పోయే రోడ్డు), ఇంకో ఫ్లైఓవర్, జంక్షన్ల విస్తరణ, ప్రయాణ సమయం సగానికి తగ్గింపు. ఎక్కడ చూసినా వాహనాల మాటే. నడిచే మనిషి ఒక్క చోట కనిపించాడు, ‘పాదచారుల భద్రతకు తగిన చర్యలు తీసుకుంటాం’ అన్న వాక్యంలో. ఆ తగిన చర్యలేమిటో రాయలేదు. పోయినసారి మాత్రం పేరుపెట్టి చెప్పారు. బస్టాప్ ఎదురుగా క్రాసింగ్, బటన్ నొక్కితే బండ్లు ఆగే సిగ్నల్, రోడ్డు మధ్యలో నిలబడటానికి చోటు. మైకు పట్టుకుని మీరు చెప్పిన మాటలివి. వాటిని నమ్మి ఓటేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలియంది కాదు. అర్జీలు పెట్టాం. ఇంజనీరింగ్ విభాగానికి వెళితే ట్రాఫిక్ పోలీసుల అనుమతి రావాలన్నారు. అక్కడికి వెళితే ఇంజనీరింగ్ వాళ్లు ప్రతిపాదన పంపలేదన్నారు. మీ ఆఫీసులో ‘సార్ దృష్టికి తీసుకెళ్తాం’ అన్నారు. ఈలోగా కారిడార్ పనులు మొదలయ్యాయి, రోడ్డుకి కొత్త తారు పడింది, బండ్ల వేగం పెరిగింది. క్రాసింగ్ మాత్రం రాలేదు.

ఆ చోటు ఇవాళ ఎలా ఉందో ఒక్కసారి చూడండి. పాత జీబ్రా గీతలు కొత్త తారు కిందకు పోయాయి. మళ్లీ గీసినవాళ్లు లేరు. డివైడర్‌లో మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు ఉంది. బస్సు దిగినవాళ్లంతా అక్కడే దాటాలి. నిలబడ్డ బస్సు ముందు నుంచి దాటితే వెనక వచ్చే బండి కనపడదు, బస్సు కదిలేదాకా ఆగితే అప్పటికే బండ్లు జోరందుకుంటాయి. సాయంత్రం పూట ఒక పెద్దావిడ ఒక చేత్తో మనవడి మణికట్టు గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, వచ్చేవాళ్లను బతిమాలుతున్నట్టు చూస్తూ అడుగు ముందుకేస్తుంది. మొదటి వరుసలో కారు ఆగుతుంది. ఆ కారు పక్కనుంచి బైకు దూసుకొస్తుంది. బైకు నడిపేవాడికి కారు ఎందుకు ఆగిందో తెలియదు. దయతలిచి ఆగిన కారే ఆవిడను వాడి కంటపడకుండా చేస్తుంది. ఒకే దిక్కుకు రెండు మూడు వరుసలున్న రోడ్డు మీద ఉత్త గీతలు గీస్తే ఎందుకు చాలదో, సిగ్నల్ ఎందుకు అడుగుతున్నామో దీన్నిబట్టే తెలుస్తుంది.

మీ సభలో ఒకరు ఇదే అడిగితే ‘ప్రజలు కూడా జాగ్రత్తగా ఉండాలి’ అన్నారట. అయ్యా, జాగ్రత్తగా ఉండబట్టే ఇంకా ప్రాణాలతో ఉన్నాం. జాగ్రత్తకు కూడా కొంత వ్యవధి కావాలి కదా. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు చూసి తేరుకోవడానికి పట్టే ఒక సెకనుతో కలిపి, పొడి రోడ్డు మీద దాదాపు 13 మీటర్లలో ఆగుతుంది. అదే 50లో వస్తే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయే దూరంలో రెండో కారు డ్రైవరు ఇంకా బ్రేకు మీద కాలే వేయడు. వేగం 50 నుంచి 65కి పెరిగితే, కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం 4.5 రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ కారిడార్‌లో రాత్రిపూట బండ్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో ఎవరైనా కొలిచారా? కొలిచి ఉంటే ఆ లెక్క బయట పెట్టండి.

సిగ్నల్ ఉన్న జంక్షన్లోనూ మా బాధ తీరలేదు. నడిచేవాళ్లు దాటడానికి పచ్చబొమ్మ వెలిగే సమయాన్ని మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న అంచనాతో లెక్కగట్టడం ఎప్పటినుంచో వాడుక. ఆ లెక్కన 18 మీటర్ల రోడ్డుకి 15 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సెకనుకు 0.8 మీటరు నడిస్తే గొప్ప. వాళ్లకు 22 సెకన్లు దాటుతుంది. ఎర్రబొమ్మ పడేసరికి వాళ్లింకా రోడ్డు మధ్యలోనే ఉంటారు, హారన్లు మొదలవుతాయి. ఈ తేడా సరిచేయడానికి ఫ్లైఓవర్ కట్టక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. సిగ్నల్ పెట్టెలో సెకన్లు మార్చాలి, అంతే. ఇంత చిన్న పని కూడా ఇన్నేళ్లలో కాలేదంటే మాకు బాధగా ఉండదా?

ఫుట్ ఓవర్‌బ్రిడ్జి ఇస్తానంటున్నారు. దయచేసి వద్దు. కింద లారీలు పోవాలంటే ఐదున్నర మీటర్ల ఎత్తుండాలి. అంటే ఎక్కడానికి దాదాపు 40 మెట్లు, దిగడానికి మరో 40. సంచులు మోసేవాళ్లు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఏం చేయాలి? లిఫ్టు పెడతామంటారు. అది చెడిపోయిన రోజు వాళ్లు ఎలా దాటాలి? బండి ఒక్క నిమిషం ఆగకుండా ఉండటానికి మనిషి రెండంతస్తులు ఎక్కి దిగాలనడం న్యాయం కాదు. నేల మీద దాటే హక్కు మాదే.

ఇదేమీ జరగని పని కాదు. స్వీడన్ పార్లమెంటు 1997లోనే రోడ్డు మీద చావు ఒక్కటి కూడా ఒప్పుకోకూడదని విధానంగా తీర్మానించింది. మనుషులు పొరపాటు చేస్తారు, ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకుండా రోడ్డును కట్టాల్సింది కట్టేవాళ్లే అన్నది దాని సారం. హెల్సింకీలో 2019లో ఒక్క పాదచారి కూడా వాహనం కింద పడి చనిపోలేదు. ఇళ్లున్న వీధుల్లో 30 పరిమితి పెట్టారు, వీధుల ఆకారం మార్చారు, కెమెరాలతో నిఘా పెట్టారు. 2020లో స్టాక్‌హోమ్‌లో మంత్రుల స్థాయి సదస్సు కూడా నడిచేవాళ్లూ బండ్లూ తరచూ కలిసే చోట 30 మించకూడదని చెప్పింది. ప్రపంచంలో ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్ల మీద పోతున్నారు, అందులో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లూ బైకుల మీద వెళ్లేవాళ్లే. 5 నుంచి 29 ఏళ్లలోపు వాళ్లను ఏ రోగం కన్నా ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది రోడ్డే.

బస్సులు పెంచుతామన్నారు, నిజంగా సంతోషం. కానీ బస్సెక్కే ప్రతివాళ్లూ ముందు నడిచి రావాలి, దిగాక నడిచి వెళ్లాలి. పొద్దున ఇంటివైపు ఆగే బస్సెక్కితే సాయంత్రం అవతలివైపు దిగాల్సిందే. రోజుకొకసారైనా ఆ రోడ్డు దాటించకుండా ఏ బస్సూ మమ్మల్ని ఇంటికి చేర్చదు. దాటడానికి భయపడి మా వీధిలో ఇద్దరు ముగ్గురు బస్సు మానేసి బైకులు కొన్నారు. మీరు తగ్గిస్తానంటున్న రద్దీ ఇలా పెరుగుతోంది.

మేం అడిగేవి కొత్తవి కావు, మీరు ఇస్తానన్నవే. బస్టాప్ దగ్గర సిగ్నల్‌తో క్రాసింగ్ వేయించండి. డివైడర్‌లో చక్రాల కుర్చీ పట్టేంత చోటు వదలండి. జంక్షన్లో పచ్చబొమ్మ సమయం పెంచండి. బడి ముందు రోడ్డులో 30 పరిమితి పెట్టండి, బోర్డుతో సరిపెట్టకుండా వేగం తగ్గేలా రోడ్డునే మార్చండి. కారిడార్‌లో మిగిలిన సిగ్నళ్లు తీసేసే ముందు, అక్కడ దాటేవాళ్లు ఎటు దాటాలో ముందు చెప్పండి. క్రాసింగ్ వేయించండి. మళ్లీ చెబుతున్నాను, ముందు ఆ క్రాసింగ్ వేయించండి.

‘తగిన చర్యలు’ అన్న జవాబు మాకు చాలదు. ఏ పని, ఏ విభాగం, ఏ తేదీకి అన్నది పోలింగ్‌కు ముందే సంతకం పెట్టి ఇవ్వండి. దాన్ని బస్టాప్‌లో అంటించే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
మీ డివిజన్ ఓటరు, రోజూ ఆ రోడ్డు దాటే మనిషి